మాట రాని రోగుల తరఫున

(ఉగాది సన్మాన సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ సభలో మనం కొందరిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతాం. పిల్లలకు సంగీతం నేర్పే టీచరమ్మను, రక్తదాన శిబిరాలు నడిపే కుర్రవాళ్లను, అకామా చిక్కుల్లో పడ్డవాళ్లకు దారి చూపే పెద్దలను గౌరవించుకుంటున్నాం. ఈసారి కార్యవర్గంలో ఒక కొత్త ప్రశ్న వచ్చింది. అడవి జంతువులకు, పక్షులకు వైద్యం చేసే ఆసుపత్రులు, ఆ వైద్యం నేర్పే చోట్లు ఉన్నాయి కదా, వాటిని ఒక గుడి సంఘం గౌరవించడం సబబేనా అని. దాని మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నా జవాబు ముందే చెప్పేస్తాను. సబబే. పైగా ఇంతకాలం ఆగి ఉండాల్సింది కాదు. ఎందుకో వివరిస్తాను.

మనిషికి జబ్బు నయమైతే ఏం చేస్తాడు? డాక్టరుగారికి మిఠాయి డబ్బా పట్టుకెళ్తాడు. పదిమందికి చెబుతాడు. ఆసుపత్రికి పేరు వచ్చేది రోగి నోటి ద్వారానే. ఇంట్లో పెంచే కుక్కకో పిల్లికో వైద్యం జరిగితే యజమాని ఆ పని చేస్తాడు. అడవి జంతువుకు యజమాని లేడు. నయమైన గద్ద వెనక్కి తిరిగి చూడకుండా ఎగిరిపోతుంది. అలా ఎగిరిపోవాలనే వైద్యుడూ కోరుకుంటాడు. అది మనిషికి మచ్చికై మళ్లీ మళ్లీ ఆసుపత్రి గోడ మీద వాలుతోందంటే వైద్యం సగమే అయిందని అర్థం. ఇది ఎవరూ కృతజ్ఞత చెప్పని వైద్యం. అందుకే ఆ కృతజ్ఞత ఇంకెవరో చెప్పాలి.

2023 మార్చి 13 తెల్లవారుజాము మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వస్తుందా రాదా అని మనవాళ్లు నిద్ర మానుకుని ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. వచ్చింది, పండగ చేసుకున్నాం. ఆ రాత్రి ఆ వేదిక మీద మన దేశం నుంచి మరో రెండు సినిమాలు కూడా పోటీలో ఉన్నాయి. 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' అనే చిన్న డాక్యుమెంటరీ గెలిచింది. 'ఆల్ దట్ బ్రీద్స్' అనే పెద్ద డాక్యుమెంటరీ తుది జాబితా దాకా వెళ్లింది. మొదటిది తల్లి లేని ఏనుగు పిల్లలను సాకే దంపతుల కథ. రెండోది గాయపడ్డ గద్దలకు వైద్యం చేసే అన్నదమ్ముల కథ. అంటే ఆ రాత్రి మన దేశం నుంచి పోటీలో ఉన్న మూడింట రెండు, మూగజీవులను బాగుచేసే చేతుల గురించినవే. మనం పాట దగ్గరే ఆగిపోయాం. తప్పు లేదు, అది మన పాట. మిగతా రెండింటి వెనుక ఏం జరిగిందో ఈరోజు చూద్దాం.

తమిళనాడులో ముదుమలై అడవిలో తెప్పకాడు ఏనుగుల శిబిరం ఉంది. అక్కడ బొమ్మన్, బెల్లి అనే గిరిజన దంపతులు రఘు, అమ్ము అనే ఏనుగు పిల్లలను పెంచారు. తల్లి దూరమైన ఏనుగు పిల్ల బతకడం చాలా కష్టం. పాలు పడవు, కడుపు నిలవదు, రాత్రిళ్లు వెచ్చదనం కావాలి, పక్కన ఎవరో ఒకరు ఉండాలి. పుస్తకం చదివిన పశువైద్యుడు మందు రాసిస్తాడు. ఆ మందు లోపలికి వెళ్లేలా చూసేది మావటి. అవార్డు వచ్చాక తమిళనాడు ప్రభుత్వం ఆ దంపతులకే కాదు, రాష్ట్రంలోని రెండు శిబిరాల్లో పనిచేసే 91 మంది మావటులకు, సహాయకులకు తలా లక్ష రూపాయలు ప్రకటించింది. వాళ్ల ఇళ్ల కోసం 9 కోట్ల 10 లక్షలు కేటాయించింది. అదే ఏడాది ఆగస్టులో బెల్లి గారికి ఏనుగుల సంరక్షకురాలిగా ప్రభుత్వ ఉద్యోగ నియామక పత్రం అందింది. ఆమె ఆ పని అంతకుముందు నుంచీ చేస్తూనే ఉంది. లోకం చూశాకే అది ఉద్యోగమైంది.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ సినిమాకు వచ్చిన పేరు తమకేం తెచ్చిందన్న ప్రశ్నను ఆ దంపతులే తర్వాత బయటపెట్టారు. ఆ వివాదం పత్రికల్లో నడిచింది. ఎవరిది ఒప్పో తేల్చడం మన పని కాదు. మనం తీసుకోవాల్సిన పాఠం ఒకటుంది. సన్మానం ఫోటో దగ్గర ఆగిపోతే అది సన్మానించినవాడికే ఉపయోగం. పని చేసిన చేతికి చేరినప్పుడే దానికి విలువ.

రెండో కథ ఢిల్లీది. వజీరాబాద్‌లో నదీమ్ షహజాద్, మొహమ్మద్ సౌద్ అనే అన్నదమ్ములు ఇంటి కింది గదిలో గద్దలకు వైద్యం చేస్తారు. వాళ్లు డాక్టర్లు కారు. కుర్రతనంలో వ్యాయామం చేసేవారు, కండరాలు, నరాలు ఎలా ఉంటాయో అలా తెలుసుకున్నారు. ఒకసారి గాయపడ్డ గద్దను ఒక పక్షుల ఆసుపత్రికి తీసుకెళితే, అది మాంసం తినే పక్షి కాబట్టి చేర్చుకోమన్నారట. ఆ గద్దతోనే వాళ్ల ఆలోచన మొదలైంది. తర్వాత వాళ్లే చికిత్స చేయడం నేర్చుకున్నారు. ఇప్పటికి 20,000కు పైగా పక్షులు వాళ్ల చేతుల మీదుగా వెళ్లాయి.

ఆ గద్దలకు గాయాలు ఎలా అవుతాయో తెలుసా? చాలావరకు గాలిపటాల దారంతో. గాజుపొడి పూసిన మాంజా రెక్కను బ్లేడులా కోసేస్తుంది. సంక్రాంతికి హైదరాబాద్ ఆకాశంలో కనిపించేదీ ఆ మాంజాయే. గాజుపొడి మాంజాను, నైలాను మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది. అయినా అంగళ్లలో దొరుకుతూనే ఉంది. మన పండగ దెబ్బ పక్షి రెక్క మీద పడుతుంటే, ఆ రెక్కకు కుట్లు వేసేవాణ్ని గుర్తించడం మన బాధ్యత కాదా? ఆయన ఏ దేవుడికి మొక్కుతాడన్నది ఇక్కడ ప్రశ్న కాదు.

ఇప్పుడు మన పక్కింటికి వద్దాం. అబుదాబిలో డేగల ఆసుపత్రి ఉంది. 1999లో మొదలైంది. డేగలకు ప్రపంచంలో అంత పెద్ద ఆసుపత్రి మరొకటి లేదు. ఏటా 11,000కు పైగా డేగలు అక్కడికి వస్తాయి. వేచి ఉండే గదిలో డేగలు కళ్లకు తోలు టోపీలు పెట్టుకుని వరసగా కొయ్యల మీద కూర్చుని ఉంటాయి, మన ఆసుపత్రుల్లో టోకెన్ పట్టుకుని కూర్చున్నట్టే. ఈక విరిగిన డేగ సరిగా ఎగరలేదు. కొత్త ఈక మొలిచేదాకా ఆగాలంటే నెలలు పడుతుంది. అందుకని అక్కడ రాలిన ఈకలను రకాలవారీగా దాచి ఉంచుతారు. విరిగిన ఈక మొదలులోకి సన్నని పుల్ల దోపి, సరిపోయే ఈకను జిగురుతో అతికిస్తారు. గంటలో పక్షి మళ్లీ ఎగరడానికి సిద్ధం. ఈ విద్య అరబ్బు వేటగాళ్లకు తరతరాలుగా తెలుసు. ఆసుపత్రి దాన్ని తీసుకుని శుభ్రంగా, మత్తుమందుతో, నొప్పి లేకుండా చేస్తోంది. పలు దేశాల పశువైద్య విద్యార్థులు వచ్చి అక్కడ నేర్చుకుంటున్నారు. చుట్టూ చూడటానికి వచ్చే యాత్రికులకు కూడా తలుపులు తెరిచారు. దానికి ఎన్నో పురస్కారాలు వచ్చాయి.

మరో సంగతి. షేక్ జాయెద్ పేరిట 1995 నుంచి ఒక కార్యక్రమం నడుస్తోంది. వేట కాలం ముగిశాక డేగలను పరీక్షించి, ఆరోగ్యంగా ఉన్నవాటిని వాటి వలస దారుల్లో అడవిలోకి వదిలేస్తారు. డేగ ఇక్కడివాళ్లకు ఎంత విలువైనదో మనకు తెలుసు. అంత ఖరీదైన పక్షిని చేతి మీది నుంచి వదిలేయడం చిన్న మాట కాదు. మన తెలుగులో వేట డేగను 'సాళువ' అనేవారు. తిరుమల చరిత్రలో కనిపించే సాళువ నరసింహరాయల ఇంటిపేరు ఆ పక్షిదే. మనకూ డేగకూ బంధం కొత్తది కాదు.

జంతువును గౌరవించడం గుడికి పనికిరాని పని అని ఎవరైనా అంటే, వాళ్లను ఒక్కసారి శ్రీకాళహస్తి తీసుకెళ్లండి. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. మూడు జీవుల పేర్లు కలిపి ఊరికీ, స్వామికీ పేరు పెట్టుకున్నాం. అంతకంటే పెద్ద బహిరంగ సన్మానం ఏముంటుంది? రామాయణంలో రాముడు జటాయువుకు స్వయంగా దహన సంస్కారం చేశాడు. సీతమ్మ కోసం రెక్కలు పోగొట్టుకున్న పక్షి అది. లేపక్షి పేరు చెప్పగానే మన పెద్దవాళ్లు ఆ కథే చెబుతారు. పశువులకు వాడే డైక్లోఫెనాక్ మందు వల్ల మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. హరియాణాలో పింజోర్ దగ్గర రాబందుల సంతతిని కాపాడే కేంద్రానికి జటాయువు పేరే పెట్టారు. శవాలు తినే పక్షికి పూజ్యుడి పేరు పెట్టగలిగిన సంస్కృతి మనది.

మన ఊళ్లలో ఎలుగుబంటి ఆట గుర్తుందా? ముక్కుకు తాడేసి ఆడించేవారు. పిల్లలకు భయం పోతుందని దాని వీపు మీద ఎక్కించేవారు. దాని వెంట్రుక తాయెత్తులో కట్టేవారు. ముక్కులోంచి తాడు పోవాలంటే ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీతో చిల్లు పొడవాలని మనకు ఎవరూ చెప్పలేదు. వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ అనే సంస్థ ఆగ్రా దగ్గర ఆ ఎలుగుబంట్లకు ఆశ్రయం కట్టింది. ఆడించి బతికే కలందర్ కుటుంబాలకు వేరే బతుకుతెరువు చూపించింది. అదే సంస్థ 2018లో కృష్ణుడు పుట్టిన మథుర దగ్గర ఏనుగుల కోసం ఆసుపత్రి తెరిచింది. పశువైద్య విద్యార్థులు చూసి నేర్చుకునే ఏర్పాటు కూడా అందులో ఉంది. మన దేశంలో పశువైద్యం చదివే పిల్లలు ఎక్కువగా చూసేది ఆవు, గేదె, మేక, కోడి, కుక్క. ఏనుగు కాలి గోరు చీము పడితే ఏం చేయాలో, చిరుతకు మత్తు ఎంత ఇవ్వాలో పుస్తకంలో చదివితే చాలదు. ఎక్కువైతే ప్రాణం పోతుంది, తక్కువైతే డాక్టరు ప్రాణం పోతుంది. చెయ్యి పట్టుకుని నేర్పే చోటు కావాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. మనలో చాలామందిది కడప, రాయచోటి, రాజంపేట, కోడూరు, చిత్తూరు వైపు. సెలవు మీద వెళ్లిన ప్రతిసారీ తిరుపతి వెళ్లకుండా తిరిగిరాం. ఆ శేషాచలం పాదాల దగ్గరే శ్రీ వేంకటేశ్వర జూ ఉంది, 1987 నుంచి. 1998లో కేంద్ర ప్రభుత్వం సర్కసుల్లో సింహాలు, పులులు, ఎలుగుబంట్లు, కోతుల ఆటలను నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అప్పుడు ఒక సమస్య వచ్చింది. బోనులో పుట్టి బోనులో పెరిగిన వందలాది సింహాలు, పులులు ఎక్కడికి పోవాలి? వాటికి వేటాడటం రాదు. అడవిలో వదిలితే చస్తాయి. అందుకని కేంద్ర జూ అథారిటీ దేశంలో కొన్నిచోట్ల పునరావాస కేంద్రాలు కట్టించింది. వాటిలో రెండు మన తెలుగు నేల మీదవే, ఒకటి విశాఖపట్నంలో, ఒకటి తిరుపతిలో. ఆ జంతువులు అక్కడ ముసలివై, వైద్యం పొంది, ప్రశాంతంగా కన్నుమూయాలన్నదే ఏర్పాటు. పిల్లలు పుట్టకుండా చూస్తారు. ఏ సంస్థ అయినా పెరగాలని కోరుకుంటుంది. ఇలాంటి కేంద్రం మాత్రం ఖాళీ అయితేనే పని పూర్తయినట్టు.

అదే తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. ఇప్పుడు అది శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం. స్వామి పేరుతోనే జూ, స్వామి పేరుతోనే పశువైద్య విద్య. కొండ మీద దర్శనం చేసుకుని దిగివచ్చే మనకు, కింద స్వామి పేరు మీద ఏం జరుగుతోందో తెలియదు.

ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న ఉంది, దాన్ని దాటేయను. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో తల్లిదండ్రులతో కొండెక్కుతున్న ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ వార్త చదివి ఇక్కడ కన్నీళ్లు పెట్టుకోని తల్లి లేదు. భక్తుల చేతికి కర్రలు ఇచ్చిన రోజులవి. ఆ కుటుంబం ముందు నిలబడి చిరుతకు వైద్యం గురించి మాట్లాడగలమా అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. ఆ తర్వాత జరిగింది చూడండి. బోనుల్లో పడ్డ చిరుతలను ఆ జూకే తరలించారు. దాడి చేసినది ఏదో తేల్చడానికి నమూనాలు తీసి పరీక్షలకు పంపారు. ఆ బోను దగ్గరకు వెళ్లింది ఎవరు? మత్తు ఇచ్చింది ఎవరు? అక్కడి సిబ్బంది, పశువైద్యులు. అలాంటి చోటే లేకపోతే రెండు దారులే మిగిలేవి: కనబడ్డ ప్రతి చిరుతనూ విషం పెట్టి చంపడం, లేదా పట్టి ఇంకో ఊరి పొలిమేరలో వదిలి ఇంకో తల్లికి కడుపుకోత తేవడం. వన్యప్రాణి ఆసుపత్రి జంతువుల పక్షం, మనం మనుషుల పక్షం అనుకోవద్దు. అడవికీ ఊరికీ మధ్య నిలబడే కాపలా అది.

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. మనుషులకే దిక్కులేదు, జంతువుల గోల ఎందుకు అని. ఈ ఊళ్లో ఆ మాటకు బరువుంది. 2024 జూన్ 12న మంగాఫ్ అగ్నిప్రమాదంలో 45 మంది భారతీయులు పోయారు. అందులో మన ఆంధ్రవాళ్లూ ఉన్నారు. ఆ రోజు మనం ఏం చేశామో, ఎంత చేయలేకపోయామో మనకే తెలుసు. ఆ పని తగ్గించమని నేను అనడం లేదు. మూగజీవుల దగ్గర పనిచేసేది ఎవరో ఒక్కసారి ఆలోచించమంటున్నాను. ఏనుగు కింద పేడ ఎత్తే మావటి, సింహం బోనుకు తాళం తీసే కూలీ, రాత్రంతా చిరుత పక్కన మేలుకుని కూర్చునే సహాయకుడు. వీళ్లు మనుషులే. జీతం తక్కువ, ప్రమాదం ఎక్కువ, పేరు సున్నా.

ఈ దేశం సంగతే తీసుకోండి. 1990 ఆక్రమణ రోజుల్లో కువైట్ జూలో చాలా జంతువులు చచ్చిపోయాయి, కొన్నింటిని ఎత్తుకుపోయారు. ఆ రోజుల్లో ఇద్దరు కువైటీ అన్నదమ్ములు ప్రాణాలకు తెగించి మిగిలినవాటికి మేత, నీళ్లు పెట్టారు. ఇక ఇప్పుడు వఫ్రా, అబ్దలీ, కబ్ద్ వైపు జాఖూర్‌లలో గొర్రెలను, ఒంటెలను చూసుకునేవాళ్లలో మనవాళ్లెందరు? యాభై డిగ్రీల ఎండలో ఈనే ఒంటె పక్కన నిలబడేది మన రాయచోటి కుర్రాడే. అతనికి సర్టిఫికెట్ లేదు. కానీ ఒంటె నెమరు ఆపేస్తే జబ్బు ఏమిటో డాక్టరు వచ్చేలోపే చెప్పగలడు. ఏ ఆసుపత్రీ వాళ్లలాంటి చేతులు లేకుండా నడవదు. మన వేదిక మీదికి అతణ్ని ఇంతవరకు పిలవలేదు.

అందుకే మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. డబ్బు అడగడం లేదు. ఈ దేశంలో అనుమతి లేకుండా విరాళాలు పోగుచేయకూడదని మనందరికీ తెలుసు. గౌరవానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మొదటిది. వచ్చే ఉగాది నుంచి మన సన్మానాల జాబితాలో ఒక స్థానం మూగజీవులను సాకేవాళ్లకు ఉంచుదాం. మొదటి శాలువా జాఖూర్‌లో పనిచేసే మన తెలుగువాడికి కప్పుదాం. అతనికి సెలవు దొరకదు కాబట్టి, అతని కఫీల్‌తో ముందే మాట్లాడి, రానుపోను బండి మనమే ఏర్పాటు చేద్దాం.

రెండోది. తిరుపతి, విశాఖ పునరావాస కేంద్రాల సిబ్బందికి మన సొసైటీ తరఫున అభినందన పత్రం రాద్దాం. తెలుగులో రాద్దాం. అధికారుల పేర్లతో ఆపకుండా, కాపలాదారుల నుంచి సహాయకుల దాకా పేర్లు కనుక్కుని ఒక్కొక్కరికీ విడిగా పంపుదాం. అది వాళ్ల ఇంటి గోడ మీద ఉండాలి, ఆఫీసు బీరువాలో కాదు.

మూడోది. ఈసారి సెలవులకు తిరుపతి వెళ్లినప్పుడు పిల్లలను ఒక పూట ఆ జూకు తీసుకెళ్లండి. సింహాన్ని చూపించి ఫోటో తీసుకుని వచ్చేయకండి. దానికి మేత వేసే మనిషిని చూపించండి. 'అన్నా, దీని పేరేమిటి, ఏం తింటుంది, నీకు భయం వేయదా' అని పిల్లలచేత అడిగించండి. మన పిల్లల్లో ఎవరైనా ఒకరు 'నేను పశువైద్యం చదువుతాను' అంటే, 'ఇంజనీరింగ్ కాదా' అని మొహం ముడుచుకోకండి. బోధనాసుపత్రికి అన్నిటికంటే పెద్ద గౌరవం విద్యార్థి రావడమే.

ఈ మూడింటినీ కార్యవర్గం వచ్చే సమావేశంలో చర్చకు పెడుతుందని అధ్యక్షులవారు మాట ఇచ్చారు. సభ్యులు తమ అభిప్రాయం చెప్పాలి, కాదనేవాళ్లు కూడా. జాఖూర్‌లలో పనిచేసే మనవాళ్లు ఎవరైనా మీకు తెలిసి ఉంటే, ఈరోజు ప్రసాదం తీసుకుని వెళ్లేలోపు వాళ్ల పేరు, ఊరు కార్యదర్శిగారి దగ్గర రాయించి వెళ్లండి.